ఒల్లననువారి యెడ భక్తుల ధర్మము





లింగధారుల యింట ఉదయమెట్లు తెల్లవారునో ఒక్కమారు తలచుకొందము. "లే! పండ్లు తోముకో! స్నానము చేయి! విభూతి పెట్టుకో! లింగము చేతబట్టు! ప్రసాదము తిను! బడికి వేళయినది, కదులు!" బిడ్డ కన్ను తెరచినది మొదలు గడప దాటువరకు ఆ యింట వినబడు మాటలలో అధికభాగము విధ్యర్థకములే. 'రా' యన్నను విధియే, 'రండి' యన్నను విధియే. రెండవదానిలో మర్యాద హెచ్చినదే గాని ఆజ్ఞ తగ్గలేదు. పెక్కుమంది బిడ్డలకు ఈ విధులు చెవి సోకి పోవును. కొందరు గొణిగి పిదప చేయుదురు. కాని కొందరికి ప్రతి విధియు మీదికి విసరిన రాయివలె తగులును. వారు చెవులు మూసికొందురు. మంచము క్రింద దూరుదురు. నవ్వించి మాట మార్చుదురు. "నా కాళ్లు నడువవు" అందురు. తుదకు కేకలు వేసి చేతనున్నది విసరివేయుదురు.

ఇరుగుపొరుగువారు దానికి మొండితనమని పేరు పెట్టుదురు. బంధువులు తల్లి గారాబమందురు. నాలుగు తగిలించిన దారికి వచ్చునని కొందరు పెద్దలు సలహా చెప్పుదురు. ఈ మూడు మాటలును ఏల తప్పో, బసవేశ్వరుని బాట నడచువారి యిండ్లలోను, కార్యాలయములలోను, మఠములలోను వానికి మారుగా నేమి జరుగవలెనో విచారించుట మనకు విధాయకము. ఏలయన, ఈ విషయమును తెలియక కొట్టిన దెబ్బలవలన బిడ్డలు బడికి దూరమగుచున్నారు. యువకులు వచ్చిన ఉద్యోగమును నిలుపుకొనలేకున్నారు. తల్లులు నలుగురిలోనికి వచ్చుటయే మానుకొనుచున్నారు.

ఆటిజము అనుమాట నేడు పల్లెలలో సైతము వినబడుచున్నది. అది అంటువ్యాధి కాదు, పెంపకమున కలిగిన దోషము కాదు. పుట్టుకతోడనే మెదడు ఎదుగుతీరులో నుండు భేదము. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది బాలబాలికలను పరిశీలించి దీనిని గూర్చి వివరముగా వ్రాసెను. మాటలాడుట, ఎదుటివారితో మెలగుట, శబ్దమును స్పర్శను సహించుట, మార్పును ఓర్చుకొనుట మొదలగువానియందు వీరి తీరు ఇతరులకంటె వేరుగా నుండును. అందరియందు నొకే తీరుగను ఉండదు. కొందరు మాటలాడనే ఆడరు; కొందరు అనర్గళముగా మాటలాడుదురు.

ఇంగ్లండునందలి నాటింగ్‌హామ్ నగరమున ఎలిజబెత్ న్యూసన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు తనకడకు వచ్చు బిడ్డలలో కొందరియందు ఒక విశేషమును గమనించెను. తినుట, స్నానము చేయుట, బట్ట కట్టుకొనుట వంటి నిత్యకృత్యములనుండి సైతము వారు ఏదో యుపాయమున తప్పించుకొనుచుండిరి. 1980 దశకమున ఆమె దీనికి 'పాథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్' అను పేరు వ్యాప్తికి తెచ్చెను. 2003లో ఆమెయు ఆమె సహచరులును ఒక వైద్యపత్రికలో దీనిని విపులముగా ప్రకటించిరి. తెలుగున దీనిని 'ఆదేశ విముఖత' యనవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పట్టికయందు ఇది ప్రత్యేకమైన స్థితిగా చేర్చబడలేదు. దీని స్వరూపమును గూర్చి శాస్త్రజ్ఞులలో వాదము నేటికిని కలదు. ఈ స్థితి గలవారిలో కొందరు 'విముఖత' యను మాటనే సమ్మతింపక, ఇది స్వాతంత్ర్యమునకై యెడతెగని తపన యని చెప్పుకొందురు. ఆటిజము గలవారందరును ఇట్టివారు కారు. పేరును గూర్చి వాదమెట్లున్నను, ఇండ్లలో కానవచ్చు బాధ మాత్రము నిజము.

ఆ బాధకు మూలము గర్వము కాదు, భయము. ఆజ్ఞ చెవిని పడగానే తన యధీనము తన చేజారుచున్నదను కలవరము వారి దేహమంతట వ్యాపించును. కాలిక్రింద పామును చూచినవానికి గుండె యెట్లు కొట్టుకొనునో వీరికిని అట్లే కొట్టుకొనును. పామును చూచి వెనుకకు గంతు వేసినవానిని మనము అవిధేయుడనము గదా! ఇంకొక విచిత్రము కలదు. ఇతరుల ఆజ్ఞయే గాదు, తన ఆకలియు తనకు ఆజ్ఞయే యగును. తాను కోరి తెచ్చుకొన్న పుస్తకమును తెరచుటయు ఆజ్ఞయే యగును. "భేషు, రేపును ఇట్లే చేయవలెను" అను పొగడ్తలో సైతము రేపటి ఆజ్ఞ దాగియుండును. నిన్న చేసిన పనిని నేడు చేయలేకపోవుట చూచి, నటించుచున్నాడని పెద్దలు భ్రమపడుదురు. నిన్నటి భయము వేరు, నేటి భయము వేరు. చేయనొల్లకపోవుటకును, చేయజాలకపోవుటకును గల భేదమును ఎరిగినప్పుడే దయకు చోటు కలుగును.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన బెజ్జ మహాదేవి కథ మన యిండ్లలో తెలియనివారుండరు. శివునకు తల్లి లేదని పరితపించి ఆ ముగ్ధభక్తురాలు తానే తల్లియై ఆయనను బిడ్డగా సాకెను. పరీక్షింపదలచి ఆ బిడ్డడు గొంతున బాధ తెచ్చుకొని పాలు ముట్టనివాడయ్యెను. అప్పుడామె చేసినదేమి? మొండివాడవని గద్దింపలేదు, పొరుగింటి బిడ్డను చూచి నేర్చుకొమ్మనలేదు, పాలు త్రాగినచో బెల్లము పెట్టెదనని బేరమాడలేదు. పాలు త్రాగకుండుటకు లోపల ఏదో బాధ కలదని తలచి తల్లడిల్లెను. ఒల్లననుటను తప్పుగా గాక బాధకు గుర్తుగా చూచిన ఆ తల్లి దృష్టియే ఈ విషయమున మనకు గురువు.

ఇంకొక సంగతి. ఎనిమిదేండ్ల ప్రాయమున బాల బసవన్న తండ్రి తలపెట్టిన ఉపనయనమును ఒల్లననెను. ఆయన కాదనుట విచారించి నిలిచిన నిశ్చయము. ఇక్కడ చెప్పుకొను బిడ్డల కాదనుట భయమున పుట్టిన తత్తరపాటు. ఈ రెంటిని ఒకటి చేయరాదు. కాని ఒక బాలుడు ఒల్లననిన మాటనుండి మొదలైన మార్గము మనది. ఆ మార్గమున నడచువారు మరియొక బాలుని 'ఒల్లను' వినగానే చేయి యెత్తుట తగునా? ముందుగా చెవి యొగ్గుట మనకు ధర్మము.

ఇక ఇంటియందు చేయదగిన పనులు. మొదటిది, ఆజ్ఞల సంఖ్యను తగ్గించుట. ఒక దినమున ఆ బిడ్డతో పలికిన విధులను తల్లిదండ్రులు కాగితముపై గీతలు పెట్టి లెక్కించినచో వారే విస్తుపోవుదురు. వానిలో సగము నేడు లేకున్నను నష్టము లేనివే. చొక్కా ఏ రంగుదైన నేమి? అన్నము పీటపై కూర్చుండి తినక కిటికీకడ నిలిచి తిన్న నేమి? వీనిని వదలుకొనుట ఓటమి కాదు. ఇంతవరకు ఓర్చుకొనిన బిడ్డకు రవ్వంత విశ్రాంతి నిచ్చుట.

రెండవది, మాట తీరు మార్చుట. "స్నానము చేయి" యనుటకు బదులు "నీళ్లు కాగినవి" యని చెప్పి ఊరకుండవచ్చును. "పుస్తకములు సర్దు" అనుటకు బదులు "ఈ సంచిలో అన్నియు పట్టునో పట్టవో!" యని ఆశ్చర్యపడవచ్చును. "ముందు పాలా, ముందు తల దువ్వుకొనుటయా?" యని ఎన్నుకొను వీలు కల్పింపవచ్చును. 'చేయి' యనుదానికంటె 'చేయుదము' అనునది మెత్తన; ఏలయన అందులో చెప్పువాడును చేయువాడే. బస్సు ఎనిమిది గంటలకు కదలును, దుకాణము తొమ్మిదింటికి మూయుదురు అని చెప్పినప్పుడు ఆజ్ఞ మనిషి నోటినుండి గాక గడియారమునుండి వచ్చును. అది సహింపదగినదిగా నుండును. అయితే ఇవి బిడ్డను మోసగించు మాటలు కారాదు. వల వేసి పట్టుచున్నారని వాడు ఒక్కమారు గ్రహించినచో ఆ మాటయు రాయియే యగును.

మూడవది, వేచియుండుట. చెప్పిన మాట లోపలికి ఇంకుటకు కాలము పట్టును. మరల మరల చెప్పుట మరల మరల నెట్టుటయే. ముఖము ఎఱ్ఱబడి, ఊపిరి వడిగా ఆడుచున్నప్పుడు ధర్మబోధ పనికిరాదు. అప్పుడు మాటలు తగ్గించి, వెలుతురు తగ్గించి, చుట్టునున్నవారిని పంపివేసి, దూరముగా నెమ్మదిగా కూర్చుండుటయే సహాయము. శాంతించిన పిదప దెప్పిపొడుచుటయు కూడదు.

బహుమానములు, శిక్షలు వీరియెడ సాధారణముగా ఫలింపవు. మిఠాయి చూపి పని చేయించుటయు ఒత్తిడియే. కొట్టినచో భయము రెట్టింపగును. భయము రెట్టింపైనచో ఒల్లకపోవుటయు రెట్టింపగును. ఆటిజమును మాన్పు మందు లేదు. తాయెత్తులు కట్టి, ఆకు పసరులు పోసి మాన్పెదమని చెప్పువారికి ధనమర్పించుట వ్యర్థము. ఆదుర్దా మిక్కుటమైనప్పుడు, తిండియు నిద్రయు తప్పినప్పుడు వైద్యుని ఆశ్రయింపవలెను.

అట్లయిన బిడ్డకు ఏ నియమమును వలదా? వలయును. నిప్పు, బావి, రహదారి, మందు, ఇతరులను కొట్టకుండుట - వీనియందు నియమము తప్పదు. కాని అవి చేతివ్రేళ్లకు మించకుండవలెను. కారణము ముందుగనే, శాంతముగా నున్నవేళ చెప్పబడవలెను. ఇంటిలోని తోబుట్టువు "నేను అన్ని పనులును చేయుచుండగా వాడేల చేయడు?" అని యడుగుట సహజము. ఆ ప్రశ్నను గద్దించి మాన్పరాదు. శరణురాలు ఆయ్దక్కి లక్కమ్మ కథయే దానికి సమాధానము. భర్త మారయ్య నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు ఆమె ఆ యధికమును తిరిగి అక్కడనే పోసిరమ్మని పంపెను. ఎంత వలయునో అంతయే కొలత. ఒకరు మోయగల కొలత మరియొకరికి కొలత కాదు. ఆ తోబుట్టువునకును తల్లిదండ్రుల ప్రక్కన తనదైన ఒక ఘడియ ప్రతిదినము దక్కినచో ఈ మాట మనసునకు పట్టును.

లింగపూజను గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. పూజ నిత్యవిధియే. కాని వణకుచున్న చేతిని పట్టి బలవంతమున లింగమును పెట్టించినచో, ఆ బిడ్డ మనసున లింగమునకును భయమునకును ముడి పడును. ఆ ముడి జీవితాంతము వీడకపోవచ్చును. తల్లి తన పూజకు తాను కూర్చుండి ప్రక్కన మరియొక ఆసనము ఖాళీగా నుంచవచ్చును. పిలువనక్కరలేదు, తిరిగి చూడనక్కరలేదు. ఒకనాడు వాడు వచ్చి కూర్చుండవచ్చును, విభూతి వాసన చూచి పోవచ్చును, రాకపోవచ్చును. దేహమే దేవాలయమని నేర్చిన మనకు, ఆ చిన్న దేహమును భయపెట్టకుండుటయు అర్చనయే.

బిడ్డలు పెరిగి పెద్దవారగుదురు. ఆటిజమును వారితోడనే పెరుగును. ఇక్కడ కాయకము యొక్క ప్రశ్న వచ్చును. పని యొల్లనివానికి కాయకమెక్కడిదని ఆక్షేపించువారు కలరు. వెట్టికిని కాయకమునకును గల భేదమును మరచుటవలన కలిగిన ఆక్షేపమిది. ఒకని ఆజ్ఞకు తలయొగ్గి చేయునది వెట్టి. తన మనసు నిలిపి తాను చేయునది కాయకము. కల్యాణమున అనుభవ మంటపమునకు మడివాళ మాచయ్య బట్టలుతుకు వృత్తితో వచ్చెను, అంబిగర చౌడయ్య పడవ నడుపు వృత్తితో వచ్చెను, హరళయ్య చెప్పులు కుట్టు వృత్తితో వచ్చెను. చౌడయ్యను బట్టలుతుకుమని ఎవ్వరు నడుగలేదు. ఎవరి పని వారిది, ఎవరి తీరు వారిది. గౌరవము మాత్రము సమానము.

ఒక కార్యాలయమున లెక్కలు సరిచూచు యువతి యున్నదనుకొందము. ఆమె కన్ను తప్పును ఇట్టే పట్టును. కాని పై యధికారి బల్లకడ నిలిచి "ఇది ఇప్పుడే ముగించి తెమ్ము" అనగానే ఆమె చేయి ఆగిపోవును. అంకెలు కానరావు. లేచి వెలుపలికి పోవును. మరునాడు రాదు. అదే యధికారి వారారంభమున ఒక కాగితముపై చేయవలసిన లెక్కలన్నిటిని వ్రాసియిచ్చి, ఏది ముందు ఏది వెనుక యనునది ఆమెకే విడిచి, ఏ తేదీకి ఎందుకు కావలెనో కారణము చెప్పినచో పని జరుగును. "ఈ పద్దులో నూరు రూపాయల తేడా కనబడుచున్నది, ఎక్కడ దాగినదో తెలియకున్నది" అనినచో ఆమె తానై వెదకును. వెనుక నిలిచి చూడకుండుట, హఠాత్తుగా పని మార్చకుండుట, సందడి లేని మూల నొకటి కేటాయించుట, పదిమంది గాక ఒక్కరే పని చెప్పుట, నోటితో గాక వ్రాతతో చెప్పుట - వీనిలో దేనికిని అధిక వ్యయము లేదు. ఇట్టివారు పగలంతయు కార్యాలయమున పండ్లు బిగించి ఓర్చుకొని, ఇంటికి వచ్చి కుప్పకూలుట కలదు. అట్టి సాయంకాలము "కూరలు తెచ్చితివా?" అను ప్రశ్నయు భారమే. ఆ గంటను వారికి విడిచిపెట్టుట ఇంటివారి వంతు.

ఇది దయాధర్మము మాత్రమే గాదు, చట్టమును. 1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజము పేరు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమున చేరినది. 2016 నాటి హక్కుల చట్టము 21 వైకల్యములను పేర్కొని అందు ఆటిజమును చేర్చినది. అది 2017లో అమలునకు వచ్చినది. వారి స్థితికి తగిన సర్దుబాటును ప్రభుత్వ సంస్థలు తమ ఉద్యోగులకు కల్పింపవలెనని అందు కలదు. ప్రభుత్వోద్యోగములలో ప్రత్యేకింపబడిన నూటికి 4 వంతులలో ఒక వంతు, ఆటిజము మొదలగు కొన్ని స్థితులవారికి ఉమ్మడిగా నుద్దేశింపబడినది. అందుకు నూటికి 40 వంతులకు తగ్గని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము కావలెను. 1984లో స్థాపింపబడి సికింద్రాబాదు మనోవికాసనగరమున నున్న జాతీయ సంస్థ మన తెలుగు కుటుంబములకు చేరువలోనిదే. ఆటిజమును కొలుచుటకు మన దేశమున వాడు కొలబద్ద అక్కడనే రూపొందినది. బిడ్డ స్థితిని తెలిసికొనుటకు సిగ్గుపడవలసిన పని లేదు.

మఠములును ఈ విషయమున చేయదగినది చాల కలదు. బసవజయంతి నాడు, శివరాత్రి నాడు జనము క్రిక్కిరిసి యుండును, భాజాభజంత్రీలు మ్రోగుచుండును, "స్వామివారికి మ్రొక్కు, మ్రొక్కు" అని నలుగురు బిడ్డ మెడ వంచుదురు. ఆ బిడ్డ కేక వేయగానే అందరును తల్లివంక చూతురు. స్తంభము చాటున నిలిచి చూచినను దర్శనమేయని ఆ స్వామివారు ఒక్కమాట సెలవిచ్చినచో ఆ తల్లి మరల మఠమునకు రాగలదు. సందడి లేని ఒక గది యుంచుట, రద్దీ లేని వేళ రానిచ్చుట, విస్తరులు లెక్కించుటయో, పూలు వేరుచేయుటయో వంటి పనులను పేరు పెట్టి అప్పగింపక అందుబాటున నుంచుట - ఇవియు సేవలే. పంచాచారములలో భృత్యాచారము ఒకటి. శివభక్తులయెడ తాను భృత్యుడనని తలచుట దాని సారము. అది చిన్నవారు పెద్దలయెడ చూపవలసినది మాత్రమే యని ఎక్కడను లేదు. ఆజ్ఞాపించు స్థానమున నున్నవాడు ఆజ్ఞను తగ్గించుకొనినప్పుడే ఆ యాచారము నిండును.

ఒకప్పుడు పాశ్చాత్య దేశములలో, తల్లి ప్రేమ చాలకయే బిడ్డకు ఆటిజము కలుగునని విద్వాంసులు సైతము వ్రాసిరి. ఆ మాట అసత్యమని 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అను శాస్త్రజ్ఞుడు, తానును అట్టి బిడ్డకు తండ్రియై, గ్రంథము వ్రాసి ఖండించెను. అక్కడ చచ్చిన ఆ నింద మన వీధులలో వేరు రూపున బ్రతికియున్నది: పూర్వజన్మ పాపమని, తల్లి తిన్న తిండి యని, కోడలు వచ్చిన వేళ యని. పుట్టుకను బట్టి మనుజుని హీనునిగా ఎంచరాదని చాటిన బసవేశ్వరుని పేరు చెప్పుకొనువారి నోట ఈ మాట రాదగదు. అట్టి తల్లికి కావలసినది తీర్పు కాదు, తోడు. వారమునకు రెండు గంటలు ఆమె బిడ్డకడ నెమ్మదిగా కూర్చుండి ఆమెను నిద్రపోనిచ్చినచో అదియే దాసోహము. అన్నము పెట్టుట ఒక దాసోహము. అలసినవారికి విశ్రాంతి పెట్టుట మరియొక దాసోహము.

ఈ మార్గమున ఫలము త్వరగా రాదు. ఒక వారము శాంతముగా గడచి, మరునాడు మరల పళ్లెము గోడకు తగులవచ్చును. తల్లిదండ్రులు విసుగుదురు, ఒక్కొక్కప్పుడు గొంతు పెంచుదురు, వారును మనుష్యులే. కాని ఇల్లు తనను వేటాడదని ఆ బిడ్డకు నమ్మకము కుదిరిన కొలదియు 'ఒల్లను' అనుటకు ముందుండు ఆ గడగడ తగ్గుచు వచ్చును. ఆ తగ్గిన చోట తనదైన ఇష్టము మొలకెత్తును. ఇష్టముతో చేసినదే కాయకము, ఇష్టముతో పట్టినదే ఇష్టలింగము. ఆ ఇష్టము మొలకెత్తువరకు నేలను మెత్తన చేసి, నీరు పోసి, మొలకను పైకి లాగక కాచుకొనియుండుట మన వంతు.